నలువైపులా హద్దులున్న అనుభవం

తూంకుంట బస్‌స్టాపు గోడకు అంటించిన కాగితాన్ని నజ్‌నీన్ నాలుగుసార్లు చదివింది. నాలుగుసార్లూ అది అదే మాట చెప్పింది. "కంప్యూటర్ ఉద్యోగం. కొత్తవారు మాత్రమే రావలెను. రెండేళ్ల అనుభవం తప్పనిసరి."

కొత్తవాళ్లకు రెండేళ్ల అనుభవం ఎక్కడి నుంచి వస్తుందో రాసినవాళ్లకు తెలిసే ఉంటుందిలే అనుకుంది. అడ్రసు మచ్చ బొల్లారం. రావలసిన రోజు సోమవారం. ఊరి నుంచి ఒక బస్సు, ఒక షేర్ ఆటో ఎక్కితే చేరే దూరం. ఇంత దగ్గరలో ఇలాంటి ఉద్యోగం పడటం ఇదే మొదలు. అబ్బాకు ఇచ్చిన మాట ప్రకారం చూస్తే ఇదే ఆఖరు కూడా.

ఆ మాట ఏమిటంటే, చింతపండు కాలం ముగిసేలోగా ఉద్యోగం దొరక్కపోతే ఇక కంప్యూటర్ పేరెత్తకుండా మేడ్చల్ మార్కెట్లో అబ్బా పక్కన కాంటా దగ్గర కూర్చుంటానని. మన్నాన్ చెడ్డ తండ్రి కాదు. దేవరయాంజాల్ చుట్టుపక్కల చింతకాయను చెట్టు మీద ఉండగానే గుత్తకు మాట్లాడుకుని, ఆడవాళ్లతో గింజ తీయించి, ముద్దలు కట్టించి మేడ్చల్‌లో అమ్ముతాడు. పొద్దంతా ఎండలో తిరిగే మనిషికి తోడు ఒకరుంటే బాగుండుననిపించడంలో తప్పేముంది? కొడుకు అదీబ్ ఉంటే... ఆ మాటను ఆ ఇంట్లో ఎవరూ చివరిదాకా అనరు.

నజ్‌నీన్ మేడ్చల్‌లో కంప్యూటర్ల బీకాం చదివింది. ఒక్కో కంప్యూటర్‌కు నలుగురు. పొడుగ్గా ఉన్న పిల్ల మౌసు పట్టుకుంటే మిగతా ముగ్గురూ ఆమె భుజాల మీదుగా చదువుకున్నారు. అది చాలదని మూడు నెలల కోర్సులో చేరింది. అక్కడ కంప్యూటర్ గదికి ఉన్న మడి ఏ వంటింటికీ ఉండదు. చెప్పులు విప్పాలి, కాళ్లు తుడుచుకోవాలి, సారు తాళం తీయాలి, మెషీన్ మీది పూల గుడ్డ మడత పెట్టాలి, కరెంటు రావాలి. ఇవన్నీ అయ్యేసరికి తర్వాతి బ్యాచివాళ్లు గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ ఉండేవారు. సర్టిఫికెట్ మాత్రం నిగనిగలాడేది ఇచ్చారు.

ఆ సర్టిఫికెట్ పట్టుకుని నాలుగు ఆఫీసులు తిరిగింది. అల్వాల్‌లో ఒకాయన చాలా మర్యాదగా మాట్లాడాడు.

"అనుభవం తెచ్చుకోమ్మా, ఉద్యోగం అప్పటికప్పుడు ఇచ్చేస్తాం."

"ఎక్కడ తెచ్చుకోవాలె సార్?"

"ఉద్యోగంలో."

మిగతా ముగ్గురు అంత మర్యాదగా చెప్పలేదు గానీ చెప్పింది అదే.

అలాగని నజ్‌నీన్ కీబోర్డు ముందు కూర్చోని రోజు లేదు. దాని సంగతి వేరు.

అన్న అదీబ్ మేడ్చల్‌లో ఒక నెట్ షాపులో పనిచేసేవాడు. పాడైపోయిన సామాను కుప్పలోంచి ఒక కీబోర్డు ఏరి చెల్లెలికి తెచ్చాడు. దాని తీగ మొదట్లోనే తెగిపోయి ఉంది. "ముందు నీ వేళ్లు తిరగనియ్, తర్వాత కంప్యూటర్ తెస్త" అన్నాడు. ఏ వేలు ఏ అక్షరం మీద ఉండాలో ఆమె గోళ్ల రంగుతోనే చుక్కలు పెట్టి చూపించాడు. నెల తిరగలేదు. రెండువేల తొమ్మిది డిసెంబరులో కరీంనగర్ రోడ్డు మీద లారీ అతని బండిని గుద్దింది.

నలభై రోజులైనాక ఒక సాయంత్రం నజ్‌నీన్ పడమటి అర్రలో మంచం మీద కూర్చుని, ఏం చేయాలో తోచక ఆ కీబోర్డు మీద వేళ్లు ఆడిస్తూ ఉంది. తల్లి అజ్మతున్నీసా అసర్ నమాజు చదువుకుని వచ్చి పక్కన కూర్చుంది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె అడిగితే తప్ప మాట్లాడేది కాదు. ఆ రోజు తనే అడిగింది.

"గిండ్ల రాసింది అదీబ్‌కు పోతదా?"

"తీగ లేదు అమ్మీ. ఏడికీ పోదు."

"తీగ లేకుంటేంది? దువాకు తీగ ఉన్నదా?" అంది అజ్మతున్నీసా. తర్వాత దుపట్టా సర్దుకుని, గొంతు సవరించుకుని, పోస్టాఫీసులో ఉత్తరం రాయించుకునే మనిషిలా మొదలుపెట్టింది. "రాయి బేటీ. నల్లమేక ఈనిందని రాయి. రెండు పిల్లలు. ఒకటి నుదుట తెల్లగ ఉన్నదని రాయి."

నజ్‌నీన్ రాసింది. మర్నాడు మళ్లీ రాసింది. అలా రోజూ అసర్ తర్వాత ఒక ఉత్తరం. తల్లికి అక్షరం ముక్క రాదు గానీ వేళ్లను మాత్రం కన్నార్పకుండా చూసేది. చెప్పిన మాటకు సరిపడా వేళ్లు ఆడాయో లేదో ఆమెకు తెలిసిపోయేది. ఒకసారి ఒంట్లో బాగాలేక నజ్‌నీన్ కొంచెం కుదించి రాయబోతే చెయ్యి పట్టుకుంది. "ఇంక ఉన్నది. మామిడికాయ తొక్కు సంగతి రాయలే నువ్వు. వాడు అడుగుతడు." నోటి మాట వేగంతో రాయకపోతే ఊరుకునేది కాదు కాబట్టి నజ్‌నీన్ వేళ్లు ఆ వేగానికి వచ్చేశాయి. ఆ ఉత్తరాల్లో ఒక్క అక్షరాన్ని కూడా ఎవరూ చూడలేదు, రాసిన మనిషితో సహా.

గోడ మీది కాగితం సంగతి విని మన్నాన్ ఒకటే ప్రశ్న వేశాడు.

"అనుభవం ఉన్నదా, లేదా?"

"ఉన్నట్టే అబ్బా. కాగితమే లేదు."

"హత్తెరీ! కాగితమే గదా లేనిది!" మన్నాన్ ముఖం విప్పారింది. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆయన గట్టిగా నమ్మింది ఒక్కటే: మనిషి మాట తప్పుతాడు, స్టాంపు కాగితం తప్పదు. ఒక చెట్టు కాయ మాట్లాడుకున్నా సరే, ఆ చెట్టు ఎవరి చెలకలో ఏ మూల ఉందో రాయించి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించి గానీ కొమ్మ దులపనివ్వడు. "జనార్ధన్ పంతులుతోని రాపిస్త. పక్కాగ ఉంటది. ఎవడన్న కాదంటె అడుగుత."

"గట్ల రాసేది కంపెనీవాళ్లు, అబ్బా."

"కంపెనీవాడు నిన్ను చూసిండా? చూడనోడు ఏం రాస్తడు? చూసినోళ్లు రాయాలె."

నజ్‌నీన్‌కు, తిరిగిన ఆఫీసులవాళ్లు చెప్పిన దానికంటే ఇదే తిన్నగా ఉన్నట్టు తోచింది.

జనార్ధన్ పంతులు భూముల కాగితాలు రాసే పెద్దాయన. చూడని దాని మీద కలం పెట్టనని ఆయనకు పట్టుదల. బుధవారం పొద్దున గొడుగు, సంచీ, కొలత టేపు పట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏది మన్నాన్ భాయ్, ఎక్కడున్నది అనుభవం?"

మన్నాన్ ఆయన్ను పడమటి అర్రలోకి తీసుకుపోయి మంచం మీది కీబోర్డు చూపించాడు. జనార్ధన్ కళ్లద్దాలు పైకి నెట్టి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి టీవీ అసొంటిది ఒకటి ఉంటది గదా బిడ్డా?"

"లేదు సార్."

"మరి కొట్టింది ఏడ కనవడతది?"

"కనవడది సార్."

జనార్ధన్ కీబోర్డును మళ్లీ మంచం మీద పెట్టాడు. "సరే. భూమిల గూడ లోపట ఏమున్నదో ఎవడు చూసిండు? హద్దులు రాస్తం, అంతే" అని టేపు తీసి మంచం కొలిచాడు. అర్రకు ఏ దిక్కున ఏముందో అడిగి రాసుకున్నాడు. మేకల కొట్టం దాకా వెళ్లి కళ్లారా చూసి వచ్చాడు. తర్వాత సాక్షుల్ని పిలిచాడు.

మొదటి సాక్షి పక్కింటి దుర్గాబాయి. బర్రెల పాలు పోస్తుంది, నోరు ఊరంతా వినిపిస్తుంది. "నా రెండు కండ్లతోని చూసిన పంతులూ! రోజు పాలు పిండే యాళ్లకు మొదలైతది. టకటక టకటక. ఆ సప్పుడు ఇనవడకుంటె మా బర్రె సేపుతలేదు ఇప్పుడు. గది గూడ రాస్కో."

"బర్రె సంగతి అక్కర లేదమ్మా."

"ఎందుకక్కర లేదు? నన్ను సాక్షి అన్నరు గదా?"

రెండో సాక్షి ఎదురింటి దర్జీ లక్ష్మణ్. ఆయన మాట తక్కువ మనిషి. "నా మిషిన్ కన్న జల్దీ నడుస్తది" అని సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నాడు.

"ఇగ చివరిది" అన్నాడు జనార్ధన్. "ఏం కొట్టినవ్ బిడ్డా ఇన్ని దినాలు?"

"ఉత్తరాలు సార్."

"ఎవలకు?"

నజ్‌నీన్ తల వంచుకుంది. మన్నాన్ గోడ వైపు తిరిగాడు. తలుపు చాటున ఉన్న అజ్మతున్నీసా ముందుకొచ్చింది.

"నా కొడుకుకు, పంతులు సాబ్. నేను చెప్తె రాసింది. ఒక్క రోజు గూడ తప్పలే. తప్పు రాయలే."

జనార్ధన్ కలం కింద పెట్టాడు. మళ్లీ తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. పూర్తయ్యాక అందరికీ వినిపించేలా చదివాడు.

"సదరు నజ్‌నీన్ తన తండ్రి ఇంటి పడమటి అర్రలో, ఆరడుగుల మంచం మీద కూర్చుండి, రెండేళ్ల మూడు నెలలుగా, నాగా లేకుండా, రోజుకు ఒక ఉత్తరం చొప్పున కీబోర్డు మీద కొట్టినది. సదరు అనుభవానికి హద్దులు: తూర్పున బియ్యం డబ్బా, పడమర గోడ, ఉత్తరాన దుర్గాబాయి పెరడు, దక్షిణాన మేకల కొట్టం. సదరు అనుభవం మీద ఇతరులకు ఎట్టి హక్కుగాని, తగాదాగాని, తాకట్టుగాని లేదు. ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాయించిన పత్రం."

మన్నాన్‌కు కళ్లు చెమర్చాయి. అంత పక్కా కాగితం ఆయన చెట్లకు కూడా ఎప్పుడూ పడలేదు.

సోమవారం పొద్దున నజ్‌నీన్ బస్సుకు బయలుదేరుతుంటే వాకిట్లో చింతపండు ట్రాలీ ఆటో ఆగి ఉంది. లోపల దుర్గాబాయి పట్టుచీర కట్టుకుని, లక్ష్మణ్ కొత్త చొక్కా తొడుక్కుని కూర్చున్నారు.

"వీళ్లెందుకు అబ్బా?"

"సాక్షులు లేకుండ కాగితం తీస్కపోతరా ఎవలన్న? వాడు పిలవండి అంటె యాడికెల్లి తెస్తం?"

మచ్చ బొల్లారంలో ఆ ఆఫీసు ఒక పిండి గిర్నీ మీద ఉంది. కింద మిర్చి పడుతుంటే పైన అందరూ తుమ్ముతారు. గిర్నీ ఆడినంతసేపూ మేజాల మీది పెన్నులు వాటంతటవే నడుస్తాయి. ఒకరితో ఒకరు అరిచి మాట్లాడుకోవాలి. నజ్‌నీన్ తనవాళ్లను కింద ఉండమని, మెట్ల మీద వరసలో కూర్చుంది. పక్కన అమూల్య అనే అమ్మాయి. తూంకుంట కొత్త కాలనీలో ఉంటారట. చాలా కలుపుగోలు మనిషి.

"మీ అనుభవం ఎక్కడిదండీ?" అని అడిగింది అమూల్య.

"ఇంటికాడిది. నీది?"

"బెంగళూరుది. రెండేళ్లు చేశాను." అమూల్య గొంతు తగ్గించింది, గిర్నీ ఆడుతున్నందువల్ల ఆ తగ్గించింది కూడా అరుపులాగే వినిపించింది. "బెంగళూరు నేనింకా చూడలేదనుకోండి. మా మావయ్య స్నేహితుడు ఇప్పించారు. కాగితం మీద వాళ్ల మేనేజరు ఫోన్ నెంబరు కూడా ఉంటుంది."

అమూల్య లోపలికి వెళ్లింది. రెండు నిమిషాల్లో, గిర్నీ కాస్త ఆగినప్పుడు, ఆమె చేతిసంచిలో ఫోన్ మోగడం మెట్ల దాకా వినిపించింది. మేనేజరు నెంబరు ఆమెదే. బయటికి వస్తూ, "మోగకుండా పెట్టడం మర్చిపోయానండీ" అని నజ్‌నీన్‌తో చెప్పి, నవ్వాలో ఏడవాలో తెలియక మెట్లు దిగిపోయింది.

తర్వాత నజ్‌నీన్‌ను పిలిచారు. ఆఫీసు యజమాని జోగారావు అమలాపురం వైపు మనిషి, సన్నగా, అలసిపోయి ఉన్నాడు. పక్కన ప్రోగ్రాములు రాసే ఆదిత్య. ఆ కంపెనీలో అందరూ కలిపి ముగ్గురు. మూడో ఆయన ఆ రోజు సెలవు.

జోగారావు స్టాంపు కాగితం విప్పి చదవసాగాడు. చదువుతూ చదువుతూ కుర్చీలో నిటారుగా అయ్యాడు.

"ఏంటమ్మా ఇది? తూర్పున బియ్యం డబ్బా?"

"హద్దు సార్."

"అనుభవానికా?"

"హద్దులు లేకుంటె పంతులు రాయడు సార్."

జోగారావు మళ్లీ మొదటి నుంచి చదివాడు. "మరి వీళ్లు... ఈ సాక్షులు నిజంగా ఉన్నారా, లేక వీళ్ల ఫోన్లు కూడా నీ సంచిలోనే మోగుతాయా?"

"కింద ఉన్నరు సార్. పిలవమంటరా?"

పిలవమనకముందే వచ్చేశారు. దుర్గాబాయి మెట్లెక్కిన ఆయాసంతోనే చెయ్యెత్తి మొదలుపెట్టింది. "నా రెండు కండ్లతోని చూసిన సార్. అబద్ధమైతె నా బర్రె మీద ఒట్టు." లక్ష్మణ్ తన మిషన్ సంగతి చెప్పాడు. వెనక నుంచి మన్నాన్ చేతులు కట్టుకుని, "తగాదా లేదు సార్, తాకట్టు లేదు. క్లియర్" అన్నాడు.

ఆదిత్య మొహం పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. జోగారావు మాత్రం నవ్వలేదు. ఆయన కంపెనీ పెట్టి ఎనిమిది నెలలే అయింది. ఎక్కడికి పని కోసం వెళ్లినా, మీ కంపెనీకి మూడేళ్ల అనుభవం ఉందా అనే అడుగుతున్నారు.

"ఈ రాసిన పెద్దాయన కంపెనీలకు కూడా రాస్తారా?" అని అడిగాడు మన్నాన్‌ను.

"చూసి రాస్తడు సార్. మీ బిల్డింగుకు నలుదిక్కుల ఏమున్నయ్?"

"కింద గిర్నీ ఉంది" అన్నాడు జోగారావు దిగులుగా.

అప్పుడు ఆయనకు తను ఎందుకు కూర్చున్నాడో గుర్తొచ్చింది. సాక్షుల్ని బెంచీ మీద కూర్చోబెట్టి, నజ్‌నీన్‌ను ఒక కంప్యూటర్ ముందు కూర్చోమన్నాడు. శామీర్‌పేట వైపు ఒక కోడిపిల్లల హాచరీకి వాళ్లు చేసిచ్చిన ప్రోగ్రాము అది. ఏ ట్రేలో ఎన్ని గుడ్లు పెట్టారు, ఎన్ని పొదిగాయి అని అందులో ఎక్కించాలి. మూడు పేజీల కాగితాలు ఇచ్చి, వీటిని ఎక్కించు అన్నాడు.

నజ్‌నీన్ బిస్మిల్లా అనుకుని మొదలుపెట్టింది. కళ్లు కాగితం మీద, కాగితం మీంచి వేళ్ల మీద. ఇన్నాళ్లూ మంచం మీద చేసినట్టే చేసింది. ఎదురుగా వెలుగుతున్న తెర ఒకటి ఉందన్న సంగతే ఆమెకు తట్టలేదు. ఇంట్లో ఆ వైపు బియ్యం డబ్బా ఉండేది. వేళ్ల వేగం చూసి ఆదిత్య నవ్వు ఆగిపోయింది. లక్ష్మణ్ బెంచీ మీద నుంచి, నేను చెప్పలేదా అన్నట్టు చూశాడు. మూడు పేజీలూ పూర్తిచేసి నజ్‌నీన్ చేతులు ఒడిలో పెట్టుకుంది.

"అయిపాయె సార్."

జోగారావు వచ్చి తెర చూశాడు. ఆదిత్య కూడా చూశాడు. తెర మధ్యలో ఒక బూడిదరంగు పెట్టె నిలబడి, ఇప్పటిదాకా కొట్టింది దాచమంటారా అని అడుగుతూ ఉంది. దాని వెనక మొదటి పేజీలో నాలుగు వరసలు. అంతే.

"మిగతాదేమీ పడలేదమ్మా" అన్నాడు జోగారావు.

నజ్‌నీన్ మొదటిసారి తల ఎత్తి తెర చూసింది. చింతపండు కాంటా, దాని పక్కన పీట కళ్లముందు కనిపించాయి. ఉన్న మాటే చెప్పింది.

"మా ఇంటికాడ గూడ పడది సార్."

గిర్నీ ఆగింది. ఆ నిశ్శబ్దంలో దుర్గాబాయి గొణుగుడు అందరికీ వినిపించింది. "పిల్ల కొట్టింది గదా, మేమందరం చూసినం. డబ్బా తీస్కోకపోతె పిల్లదా తప్పు?"

"ఆ పెట్టె వచ్చినప్పుడు మౌసుతో నొక్కాలండీ" అన్నాడు ఆదిత్య కాస్త కోపంగా. "ఎవరైనా పొరపాటున నొక్కేస్తారని కీబోర్డుకు జవాబివ్వకుండా నేనే పెట్టాను. వస్తే తెలుస్తుంది కదా, టింగుమని మోగుతుంది."

"గిర్నీ సప్పుట్ల ఏం ఇనవడలే సార్" అంది నజ్‌నీన్. భయం వల్లనో ఏమో, ఇంకో మాట కూడా వచ్చేసింది. "అది ఇంటలేదని మనకు చెప్పకపోతె మనకెట్ల తెలుస్తది సార్? మనం మాట్లాడుకుంటనే ఉంటం."

జోగారావు నెమ్మదిగా ఆదిత్య వైపు తిరిగాడు.

"హాచరీలో ఫ్యాన్ల మోత ఎలా ఉంటుందో చూశావా నువ్వు?"

"లేదండీ."

"నేను చూశాను. ఈ గిర్నీ నయం. అక్కడి ఆడవాళ్లు ట్రేలు చూస్తారా, తెర చూస్తారా?" ఆయన గొంతు పెరిగింది. "నాలుగు నెలలుగా లెక్కలు మాయమవుతున్నాయని వాళ్లు మొత్తుకుంటున్నారు. వాళ్లకు రాదు, సరిగ్గా కొట్టడం లేదు అని నాలుగు నెలలుగా మనం చెబుతున్నాం. వాళ్లు కొడుతూనే ఉన్నారయ్యా! మన డబ్బాయే తీసుకోవడం లేదు!"

పెట్టె మూసి మళ్లీ కొట్టమన్నాడు. నజ్‌నీన్ కొట్టింది. పది నిమిషాలకు పెట్టె మళ్లీ వచ్చింది, మిగతాది మళ్లీ మాయమైంది. మధ్యాహ్నం దాకా కొట్టించారు. తెర చూసేవాళ్లకు ఎప్పటికీ దొరకని తప్పులు ఇంకో మూడు దొరికాయి. దుర్గాబాయి పాలవేళ అవుతోందని లేచి నిలబడేసరికి జోగారావు అన్నాడు: "రేపటి నుంచి వచ్చెయ్యమ్మా. పని ఏంటంటే, ఇవాళ చేసిందే. ఒక్కటే షరతు. తెర చూడకూడదు."

ట్రాలీలో ఇంటికి వస్తూ మన్నాన్ దారిపొడుగునా పాడాడు. ఆ సాయంత్రం అసర్ తర్వాత అజ్మతున్నీసా మంచం మీద కూర్చుంది.

"రాయి బేటీ. నీ చెల్లెకు కొలువు దొరికిందని రాయి. కంప్యూటర్ ఇచ్చిన్రంట, అటు చూడొద్దన్నరంట అని రాయి. ఎందుకో నాకు సమజ్ కాలే, నీకు తెలుస్తది అని రాయి."

నజ్‌నీన్ ఒక్క మాట కూడా కుదించకుండా రాసింది.

ఉద్యోగం షరతు ప్రకారమే నడిచింది. తెరను ఆదిత్య వైపు తిప్పారు, కీబోర్డును నజ్‌నీన్ వైపు పెట్టారు. ఆమె కొడుతుంది, అతను చూస్తాడు, మాయమైన చోటల్లా రాసుకుంటాడు. ఊళ్లో అందరూ ఆమెను కంప్యూటర్ మేడం అనడం మొదలుపెట్టారు. ఆమెకు మాత్రం రోజంతా కంప్యూటర్ వీపే కనిపించేది. ఆ వీపు మీద ఎన్ని రంధ్రాలున్నాయో కూడా లెక్కపెట్టేసింది.

రెండు వారాలు ఓపిక పట్టింది. మూడో వారంలో ఒక మధ్యాహ్నం, ఆదిత్య టిఫిన్‌కు కిందికి వెళ్లినప్పుడు మేజా చుట్టూ తిరిగి అతని కుర్చీలో కూర్చుంది. అతను తెర మీద తెరిచి ఉంచిన ప్రోగ్రాములో తాను కొట్టింది ఎక్కడికి వెళ్తుందో, ఏ వరుస దాన్ని తీసుకుంటుందో, ఏ వరుస తీసుకోదో మెల్లగా చదివింది. అర్థమైనంత కాగితం మీద రాసుకుంది. మర్నాడూ అదే చేసింది. అర్థం కానివి, మాటల మధ్యలో ఊరికే అడుగుతున్నట్టు ఆదిత్యను అడిగేది. అతను కూడా, వినేవాళ్లు దొరికారని సంతోషంగా చెప్పేవాడు.

పదో రోజు జోగారావు చెప్పకుండా వచ్చాడు. నజ్‌నీన్ ఆదిత్య కుర్చీలో ఉంది. లేవబోయింది గానీ దుపట్టా కుర్చీ చక్రంలో ఇరుక్కుంది.

"చూశావా?" అన్నాడాయన.

"చూసిన సార్."

"ఎంత?"

"మొత్తం."

జోగారావు బెంచీ మీద కూలబడ్డాడు. "ఎంత పని చేశావమ్మా! చూడని మనిషివనే కదా నిన్ను పెట్టుకుంది. ఇప్పుడు నువ్వు కూడా మాలాగే అయిపోయావు. ఇక నీతో నాకేం పని?"

ఇక్కడి నుంచి తిన్నగా మేడ్చల్ మార్కెట్‌కే అనుకుంది నజ్‌నీన్. అయినా చక్రంలోంచి దుపట్టా లాక్కోకుండా తెర వైపే వేలు చూపించింది.

"ఆ పెట్టె కీబోర్డు మాట ఇంటలేదు గదా సార్. గీ వరసల ఇనొద్దు అని రాసి ఉన్నది. ఇను అని మార్తె ఇంటదేమో. ఆదిత్య సార్ ఒక కాడ మార్చిండు, గీడ మర్చిపోయి వేరే కాడ వెతుకుతున్నడు."

ఆదిత్య అప్పుడే మెట్లెక్కి వచ్చాడు. చేతిలో టీ గ్లాసులతో వంగి ఆ వరుస చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

జోగారావు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. టీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు.

"మార్చు చూద్దాం" అన్నాడు.

"నేనా సార్?"

"మరి ఎవరు? కుర్చీలో నువ్వే కదా కూర్చున్నావు. తప్పయితే వెతుక్కోవలసింది కూడా నువ్వే."

నజ్‌నీన్ మార్చింది. వెంటనే ప్రోగ్రాము మొత్తం ఆగిపోయింది. మూడు కంప్యూటర్లలోనూ ఆగిపోయింది. జోగారావు నెత్తి పట్టుకున్నాడు. ఆమె ఎవరి మొహమూ చూడకుండా తెరనే చూస్తూ, ఒక్కో వరుస చదువుకుంటూ వెతికింది. ఆఖరి బస్సు వేళకు ఒక చుక్క దగ్గర తప్పు దొరికింది. సరిచేసి, ఒక అక్షరం కొట్టి, పెట్టె వచ్చాక కీబోర్డు మీద వేలు పెట్టి, ఈసారి తల ఎత్తి నొక్కింది. బూడిదరంగు పెట్టె పోయింది. వెనక ఆమె కొట్టిన అక్షరం ఒకటి పడి ఉంది.